డాక్టర్ సలహా: షో అయి మూడు నెలలైంది, ఎడమ చెవిలో ఈల ఆగడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. హైదరాబాద్‌లో రాక్ బ్యాండ్‌లకు ఫ్రీలాన్స్‌గా మిక్సింగ్ చేస్తాను. వాళ్లు విడివిడిగా రికార్డు చేసి పంపిన డ్రమ్స్, గిటార్లు, గొంతు అన్నీ కలిపి ఒక పాటగా తయారుచేసి ఇవ్వడం నా పని. అద్దె ఫ్లాట్‌లోనే స్టూడియో. పగలు స్పీకర్ల మీద పని చేస్తాను, పక్కవాళ్లకు ఇబ్బంది అని రాత్రి మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 3 గంటల దాకా కూర్చుంటాను. మూడు నెలల కిందట బెంగళూరులో ఒక లైవ్ షోకి సౌండ్ చూడ్డానికి వెళ్లి రెండు గంటలు డ్రమ్స్ పక్కనే నిలబడ్డాను. ఆ రాత్రి రెండు చెవులూ గుయ్యిమన్నాయి. కుడి చెవి మర్నాటికి సర్దుకుంది, ఎడమ చెవిలో సన్నటి ఈల మాత్రం ఇప్పటికీ ఆగలేదు. నిద్ర పట్టడం లేదు. ఈ మధ్య ఇద్దరు క్లయింట్లు సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి పళ్లేలు) చెవిలో గుచ్చుకుంటున్నాయని మిక్స్ వెనక్కి పంపారు, నాకేమో బాగానే ఉంది. స్నేహితుడు జింకో అనే చెట్టు ఆకులతో చేసే మాత్రలు ఇచ్చాడు, అమ్మ వెల్లుల్లి నూనె వేడిచేసి చెవిలో పోసింది. పరీక్ష చేయించుకోవాలంటే భయంగా ఉంది, లోపం ఉందని బయటికి తెలిస్తే పని ఎవరిస్తారు? వచ్చే శనివారం ఇంకో షో ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ముందు ఆ నూనె ఆపండి. అమ్మగారు ప్రేమతోనే పోసి ఉంటారు, కానీ మీ సమస్య నూనె చేరే చోట లేదు, అది కర్ణభేరికి లోపల, నత్త గుల్లలా ఉండే కాక్లియాలో ఉంది. ఒకవేళ కర్ణభేరికి చిన్న చిల్లు ఉంటే ఆ నూనె వల్ల ఇన్ఫెక్షన్ కూడా వస్తుంది. జింకో కూడా మానేయండి. టినిటస్‌కి, అంటే బయట శబ్దం లేకపోయినా చెవిలో వినిపించే ఈ మోతకి, జింకో పనిచేస్తుందనడానికి సరైన ఆధారం లేదు, అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దాన్ని వాడొద్దనే చెప్పింది. ఈ మోతను పూర్తిగా ఆపే మాత్ర ఏదీ ఇప్పటిదాకా లేదు, ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈల కాదు, ఆ సింబల్స్ మాట. పెద్ద శబ్దాల వల్ల చెవి దెబ్బతిన్నప్పుడు నష్టం ముందుగా 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య, అంటే పైస్థాయి ధ్వనుల్లో, చాలామందిలో సరిగ్గా 4 దగ్గర కనిపిస్తుంది. చెవి కాలువ నిర్మాణమే 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని సహజంగా పెంచి లోపలికి పంపుతుంది, దెబ్బ దానికి కాస్త పైన పడుతుంది. స్నేర్ డ్రమ్ చప్పుడులోని పదును, గిటార్ డిస్టార్షన్‌లో కోసినట్టుండే ధ్వని, సింబల్స్‌లో గుచ్చుకునే గరుకుదనం చాలావరకు ఆ ప్రాంతంలోనే ఉంటాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ మీకు కాస్త తక్కువ వినిపిస్తుంటే మీరు తెలియకుండానే వాల్యూమ్ మార్చే ఫేడర్‌నో, ధ్వని స్థాయిల్ని విడివిడిగా సర్దే ఈక్యూనో పైకి లాగుతారు, మీకు సరిపోయినట్టు ఉంటుంది, మామూలు చెవి ఉన్నవాడికి గుచ్చుకుంటుంది. ఇది నేను ఖాయంగా చెప్పడం లేదు, గది అకౌస్టిక్స్ బాగాలేకపోయినా ఇలాగే జరగొచ్చు. కానీ ఆ ఇద్దరు క్లయింట్లు పంపిన మాటను నేను విమర్శగా చదవను, లక్షణంగా చదువుతాను. అందుకే పరీక్ష చేయించుకోవాలో వద్దో అనే ప్రశ్న ఇక లేదు, ఈ వారమే చేయించుకోవాలి.

ఒక చెవిలోనే మోత ఉండటం రెండో కారణం. షోలో మీ ఎడమ చెవి డ్రమ్స్ వైపు ఉండి ఉంటే దానికి అదే సమాధానం కావచ్చు. అయినా మోత ఒకవైపే ఉన్నప్పుడు, రెండు చెవుల రిపోర్టుల్లో తేడా కనిపించినప్పుడు, వినికిడి నరం మీద చిన్న గడ్డ లేదని ఎంఆర్ఐ తీసి నిర్ధారించుకోవడం మా పద్ధతి. అది క్యాన్సర్ కాదు, చాలా అరుదు కూడా, దాని గురించి రాత్రంతా గూగుల్ చేయకండి. డాక్టర్ రాస్తే తీయించుకోండి, అంతే.

పరీక్షకు ఉదయం అపాయింట్‌మెంట్ తీసుకోండి, ముందు రోజు సాయంత్రం నుంచే హెడ్‌ఫోన్స్, స్పీకర్లు రెండూ ఆపేయండి. పెద్ద శబ్దం విన్న తర్వాత చెవి కొన్ని గంటలపాటు మొద్దుబారి ఉంటుంది, ఆ స్థితిలో చేస్తే రిపోర్టు ఉన్నదానికంటే చెడ్డగా వస్తుంది. మామూలు ఆడియోగ్రామ్ 250 హెర్ట్జ్ నుంచి 8 కిలోహెర్ట్జ్ వరకే చూస్తుంది. మీరు చేసే పనికి అది చాలదు, 16 కిలోహెర్ట్జ్ దాకా చూసే హై ఫ్రీక్వెన్సీ ఆడియోమెట్రీ, కాక్లియాలోని కణాలు స్పందిస్తున్నాయో లేదో చూసే ఓఏఈ అనే పరీక్ష కూడా కావాలని అడగండి. ఇన్సూరెన్స్ లేదు, ఖర్చు ఎక్కువవుతుందని ఆలోచిస్తుంటే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్లండి. గుబిలి గట్టిగా పేరుకున్నా మోత వస్తుంది కాబట్టి ముందు చెవి లోపల చూస్తారు. అది మీరు బడ్స్ పెట్టి తీసుకోవద్దు.

షో అయిన మర్నాడే, కనీసం మొదటి రెండు వారాల్లో వచ్చి ఉంటే స్టెరాయిడ్లతో ప్రయత్నించే అవకాశం ఉండేది. మూడు నెలల తర్వాత ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇది చదివే మిగతా సౌండ్ ఇంజినీర్లు, డ్రమ్మర్లు దయచేసి ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయినా, వినికిడి ఒక్కసారిగా తగ్గినా, దాంతోపాటు కళ్లు తిరిగినా, జలుబు వల్లేమోలే అని ఆగకండి, అది అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిన ఎమర్జెన్సీ. మోత గుండె కొట్టుకుంటున్న లయలోనే వినిపిస్తుంటే అది వేరే రకం, అదీ చూపించుకోవాలి.

ఇక ఈ ఈల ఎక్కడి నుంచి వస్తుందంటే, మీ భాషలోనే చెప్పొచ్చు. మైక్ నుంచి సిగ్నల్ బలహీనంగా వస్తే ప్రీయాంప్ గెయిన్ పెంచుతారు, అంటే సిగ్నల్‌ను పెద్దది చేస్తారు, అప్పుడు వెనకనున్న హిస్, ఆ సన్నటి బుస, బయటపడుతుంది. మెదడు చేసేది కూడా దాదాపు ఇదే. ఒక్కో చెవిలో శబ్దాన్ని సిగ్నల్‌గా మార్చే వెంట్రుక కణాలు సుమారు 15 వేలు ఉంటాయి, మనుషుల్లో అవి ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. కొన్ని కణాల నుంచి సిగ్నల్ తగ్గగానే మెదడు అక్కడ గెయిన్ పెంచుకుంటుంది, ఆ హిస్సే మీకు ఈలగా వినిపిస్తోంది. నిశ్శబ్దంలో ఎక్కువగా వినిపించేది, టెన్షన్ పడినప్పుడు, నిద్ర లేనప్పుడు పెరిగేది కూడా అందుకే. కాబట్టి రాత్రి పడుకునేటప్పుడు గదిని పూర్తిగా నిశ్శబ్దంగా ఉంచకండి, ఫ్యాన్ చప్పుడో వాన చప్పుడో ఈల కంటే కొంచెం తక్కువ స్థాయిలో నడవనివ్వండి. చాలామందికి నెలలు గడిచేకొద్దీ మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, ఈల ఉన్నా ఇబ్బంది ఉండదు. అలా అలవాటు పడటానికి సాయం చేసే పద్ధతుల్లో మంచి ఆధారం ఉన్నది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. రెండు మూడు నెలలు చూసి, అప్పటికీ నిద్ర రాకపోతే దానికి వెళ్లండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇప్పుడు అసలు మందు సంగతి. మీ విషయంలో మందంటే వాల్యూమే. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబుల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబుల్స్‌కీ సమయం సగానికి పడిపోతుంది. 88లో 4 గంటలు, 91లో 2, 94లో ఒక్క గంట, 100లో 15 నిమిషాలు. మీరు డ్రమ్స్ పక్కన నిలబడింది రెండు గంటలు. ఆ రాత్రి అక్కడ 100 ఉందనుకుంటే ఎనిమిది రోజుల కోటా ఒక్క షోలో అయిపోయింది. ఫ్యాక్టరీలో అయితే దీన్ని చూడటానికి ఒక సేఫ్టీ ఆఫీసరైనా ఉంటాడు, మీ ఫ్లాట్‌లో ఎవరూ లేరు, మీ లెక్క మీరే రాసుకోవాలి.

స్పీకర్ల మీద 75 నుంచి 78 డెసిబుల్స్ దగ్గర పని చేయండి. చిన్న గదికి అది చాలు. రాక్ పెద్దగా వింటేనే తెలుస్తుందని మీరంటారు, నాకు తెలుసు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు కదా, శబ్దం పెంచితే బేస్, పైస్థాయి ధ్వనులు నిండుగా అనిపిస్తాయి. అందుకే పెద్దగా విన్నప్పుడు ఏ మిక్స్ అయినా బాగుందనిపిస్తుంది. కావాలంటే గంటకోసారి ఒక్క నిమిషం పెంచి చూసి తగ్గించేయండి. సరైన స్థాయి కొలిచి, వాల్యూమ్ నాబ్ దగ్గర ఒక టేపు ముక్క అతికించండి. అలసిన చెవికి నాబ్ ఎక్కడుందో తెలియదు, రాత్రి 11 తర్వాత అది తనంతట తానే పైకి పోతున్నట్టుంటుంది, ఆ టేపు అప్పుడు పనికొస్తుంది.

హెడ్‌ఫోన్స్ విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే ఫోన్‌లోని డెసిబుల్ యాప్ గదిలో శబ్దాన్ని కొలుస్తుంది కానీ హెడ్‌ఫోన్ లోపలిది కొలవలేదు. ఒకే పాటను ముందు స్పీకర్ల మీద 75 దగ్గర పెట్టి విని, వెంటనే హెడ్‌ఫోన్స్‌లో అంతే వినిపించేలా సర్ది, ఆ స్థానం కూడా గుర్తు పెట్టుకోండి. స్నేర్‌నో సింబల్స్‌నో సోలోలో (అదొక్కటే వినిపించేలా) పెట్టి పాటలో అదే చిన్న ముక్కను అరగంట తిప్పి తిప్పి వినే అలవాటు ఉంటే ఆ పని పొద్దున పెట్టుకోండి, రాత్రి ఎడిటింగ్, ఫైళ్లు సర్దడం లాంటివి చేయండి. గంట పనికి పది నిమిషాలు ఏ శబ్దమూ లేకుండా బాల్కనీలో కూర్చోండి. ఇంకోటి, రివిజన్లు రెండే అని ముందే రాయించుకోండి. ఏడో రివిజన్ రేపు పొద్దుటికే కావాలనే మెసేజ్ మీ చెవి ఆరోగ్యానికి సంబంధించిన విషయమే, డాక్టర్‌గానే చెబుతున్నాను.

శనివారం షోకి వీలైతే వెళ్లకండి. తప్పదంటే మ్యూజిషియన్స్ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కుని వెళ్లండి, అన్ని ఫ్రీక్వెన్సీలనూ దాదాపు సమానంగా 15 డెసిబుల్స్ తగ్గించే రకం. మెడికల్ షాపులో దొరికే ఫోమ్‌వి పైస్థాయి ధ్వనుల్ని ఎక్కువగా మింగేస్తాయి, మిక్స్ చేయాలంటే మీకు చిరాకు వచ్చి మధ్యలో తీసేస్తారు. డ్రమ్స్ పక్కన కాకుండా మిక్సింగ్ కన్సోల్ దగ్గరే ఉండండి. మామూలుగా ఇంట్లో, బస్సులో మాత్రం ప్లగ్స్ పెట్టుకుని తిరగకండి, అలా చేస్తే చెవి చిన్న శబ్దాలకు కూడా ఉలిక్కిపడటం మొదలవుతుంది.

పని పోతుందన్న భయం గురించి. బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ వినికిడి బాగా దెబ్బతింది, ఏళ్ల తరబడి స్టూడియోలో పెద్ద వాల్యూమ్‌లో వినడమే కారణమని ఆయనే చెప్పేవారు. చివరి ఏళ్లలో కొడుకు జైల్స్ ఆయనకు చెవులయ్యాడు. ద హూ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ తన టినిటస్ గురించి దశాబ్దాలుగా బహిరంగంగా మాట్లాడుతున్నాడు. మీ రిపోర్టు మీది, ఏ బ్యాండ్‌కీ చూపించక్కర్లేదు. 4 కిలోహెర్ట్జ్ దగ్గర లోటు ఉందని తేలినా అది మీకు పనికొచ్చే సమాచారమే. అక్కడ చెవిని నమ్మకుండా, బాగా తెలిసిన రెండు మూడు పాటలతో పోల్చి చూసుకుంటారు, ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే స్పెక్ట్రమ్ చూస్తారు, మంచి చెవి ఉన్న స్నేహితుడికి ఒకసారి వినిపిస్తారు. ఒకే స్వరం రెండు చెవుల్లో వేర్వేరు శ్రుతుల్లో వినిపిస్తోందేమో కూడా ఒకసారి చూసుకుని డాక్టర్‌కి చెప్పండి, అది చాలామంది అడగరు, మీ వృత్తికి అది ముఖ్యం.

వేరే ఏ డాక్టర్ దగ్గరకు వెళ్లినా మోత ఉందని, మీ పని ఇదని ముందే చెప్పండి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి కొన్ని ఇంజెక్షన్లు చెవికి హాని చేస్తాయి, వేరే దారి ఉంటే వాటిని తప్పిస్తారు. రిపోర్టు బాగున్నా ఆరు నెలలకు ఒకసారి, తర్వాత ఏడాదికొకసారి మళ్లీ చేయించుకోండి. ఈ వారం వచ్చిన కాగితం జాగ్రత్తగా దాచి, నాకు మళ్లీ రాయండి, ఎడమ చెవికి 4 దగ్గర, 6 దగ్గర అంకెలు ఎంత వచ్చాయో అందులో తప్పకుండా రాయండి.