సందేహాలు – సమాధానాలు: మనల్ని చింతించవద్దని దేవుడు చింతించడమేమిటి?

సందేహం: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా స్త్రీల సమాజంలో బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక, అంటే ఫిలిప్పీ ఊరి విశ్వాసులకు పౌలు రాసిన ఉత్తరం, చదువుతున్నాం. 'దేనినిగూర్చియు చింతపడకుడి' అని అందులో ఉంది. పేతురు మొదటి పత్రికలోనేమో 'ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి' అని ఉంది. మనకు వద్దన్న పని దేవుడు చేయడమేమిటి? అనువాదంలో తప్పా? మా అబ్బాయి కువైట్‌లో ఉన్నాడు. ఫోను రాకపోతే నాకు ఒకటే టెన్షన్. ఫిలిప్పీ పత్రికలోనే ఉన్నట్టు 'ఆనందించుడి' అన్నంత మాత్రాన ఆనందం వచ్చేస్తుందా? క్రిస్మస్ బ్యానర్ మీద 'చింతించకుడి' అని రాయిద్దామనుకుంటున్నాం. ఆ మాట సరైనదేనా?

సమాధానం: అనువాదం తప్పు కాదమ్మా. 'చింత'కు సంస్కృతంలో ఉన్న మొదటి అర్థం ఆలోచన. దైవచింతన, తత్త్వచింతన అన్నప్పుడు ఇప్పటికీ అదే అర్థం. తెలుగులో మాత్రం విడిగా వాడే 'చింత' దిగులు వైపు ఒరిగిపోయింది. ఒకాయన చీకూ చింతా లేకుండా ఉన్నాడంటే ఆలోచన లేనివాడని ఎవరూ అనుకోరు కదా! పేతురు వాక్యంలో ఈ రెండర్థాలూ పక్కపక్కన పడ్డాయి. మీకు తికమక అక్కడే వచ్చింది.

గ్రీకు మూలంలో అవి రెండు వేరు మాటలు. మన చింతకు 'మెరిమ్నా' అని, దేవుడి చింతకు 'మెలెయ్' అని ఉంటుంది. ఈ రెండోది వాక్యంలో ఒదిగిన తీరు తెలుగువాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది. అక్కడ ఉన్నది 'ఆయన' కాదు, 'ఆయనకు'. 'నా గోడు ఎవడికి పట్టింది?' అంటాం చూడండి, సరిగ్గా అదే కూర్పు. పేతురు దానికి జవాబు చెబుతున్నాడు: మీ సంగతి ఆయనకు పట్టింది. నేనైతే అలాగే అనువదిస్తాను. 'శ్రద్ధ వహించుచున్నాడు' లాంటివి అర్థానికి సరిపోతాయి గానీ ఆఫీసు ఉత్తరంలా ఉంటాయి.

ఇక 'ఆయనమీద వేయుడి' అచ్చంగా మన పలుకుబడే. ఆపరేషన్ గది బయట కూర్చున్నవాళ్లు ఏ మతం వారైనా 'భారం దేవుడి మీద వేశాం' అనే అంటారు. కాకపోతే మనం చాలాసార్లు ఆ మాట చేతులెత్తేశాక అంటాం. పౌలు చెప్పింది అది కాదు. 'చింతపడకుడి' అన్న వాక్యం అక్కడితో ఆగదు. ప్రార్థనతో, కృతజ్ఞతతో మీ విన్నపాలు దేవుడికి తెలియజేయండి అని సాగుతుంది. అంటే మనసులో ఉన్నది నోరు తెరిచి చెప్పుకోమని.

మీ టెన్షన్ సంగతికి వస్తాను. దేనికీ చింతపడవద్దన్న పౌలే, అదే పత్రిక రెండో అధ్యాయంలో తన శిష్యుడు తిమోతిని మెచ్చుకుంటూ 'మీ క్షేమవిషయమై నిజముగా చింతించువాడు' అంటాడు. రెండు చోట్లా గ్రీకు క్రియ ఒక్కటే! ఆ కిందనే ఎపఫ్రొదితు కథ ఉంది. ఫిలిప్పీ నుంచి పౌలు దగ్గరికి వచ్చి జబ్బుపడ్డాడు. తన జబ్బు సంగతి ఊళ్లో తెలిసిపోయిందని వాళ్లను తలచుకుని విచారపడ్డాడట. జ్వరమొస్తే 'ఇంట్లో చెప్పకండి, బెంగపెట్టుకుంటారు' అనే గల్ఫ్ పిల్లల్లాగే. పౌలు అతన్ని తప్పు పట్టలేదు, ఇంటికి పంపించాడు. కాబట్టి కొడుకు కోసం మీ మనసు కొట్టుకోవడం విశ్వాసం లేకపోవడమని ఎవరైనా అంటే, పత్రిక పూర్తిగా చదవమని చెప్పండి.

'ఆనందించుడి' మీద మీ అనుమానంలో మంచి వ్యాకరణం ఉంది. తెలుగులో ఆనందం మనకు 'కలుగుతుంది', సంతోషం 'వేస్తుంది'. దానంతటది రావాలి. బెంగ మాత్రం 'పెట్టుకుంటాం'. అందుకే 'బెంగపెట్టుకోకు' అనడం సహజంగా ఉంటుంది, 'ఆనందించు' అనడం ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ పౌలు వట్టి 'ఆనందించుడి' అనలేదు, 'ప్రభువునందు' అన్నాడు. 'అందు' అంటే లోపల. ఆనందం దేని మీద నిలబడాలో ఆ ప్రత్యయం చెబుతోంది. రాస్తున్నవాడు సంకెళ్లలో ఉన్నాడని మరిచిపోకూడదు.

దీనికి పాత నిబంధనలో హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం చివర చూడండి. అంజూరాలు, ఒలీవలు మనకు దూరం గానీ, 'చేనిలోని పైరు పంటకు రాకపోయినను' అన్న ముక్క డెల్టాలో ఎవరూ వివరించనక్కర్లేదు. కోసిన పనలు చేలోనే ఉండగా తుఫాను పట్టుకుంటే, నీళ్లు దిగేసరికి కంకుల్లో తెల్లటి మొలకలు కనిపిస్తాయి. మిగిలింది ఆరబోసినా తేమ 17 శాతం దాటిందంటే కొనేవాడు పెదవి విరుస్తాడు. 'సాలలో పశువులు లేకపోయినను' అనీ ఉంది. సాల అంటే మీ పశువుల సావిడే. అన్నీ పోయాయని ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఆ తర్వాత 'నేను యెహోవాయందు ఆనందించెదను' అంటాడు. ఇక్కడా 'అందు' ఉంది. ఆనందం కలిగిందని కాదు, ఆనందిస్తానని. నష్టం జరగలేదని బుకాయించడమూ లేదు.

బ్యానర్ మాట. 'చింతించకుడి' రాయించకండి. పాత రూపం కావాలంటే 'చింతింపకుడి', ఇప్పటి రూపం కావాలంటే 'చింతించకండి'. రెండూ కలిపితే ఎటూ కాదు. పత్రికలో ఉన్నదున్నట్టు 'చింతపడకుడి' అని రాయించినా సరే. నన్నడిగితే, దాని కింద చిన్న అక్షరాల్లో 'బెంగపెట్టుకోకండి' అని కూడా వేయించండి, పిల్లలకు అర్థమవుతుంది.