అపోలో వాచీ కొంటే పెట్టుబడి అవుతుందా?

ప్రశ్న: నా వయసు 36. హ్యూస్టన్‌లో హెచ్‌1బి వీసా మీద ఉద్యోగం. మనిషి తొలిసారి చంద్రుడి మీద దిగిన అపోలో 11 యాత్రకు యాభై ఏళ్లు నిండినప్పుడు, 2019లో, ఒమేగా కంపెనీ తెచ్చిన స్పీడ్‌మాస్టర్ లిమిటెడ్ ఎడిషన్ స్టీలు వాచీ ఇక్కడ ఒక డీలర్ దగ్గర 11,500 డాలర్లకు దొరికింది. సేవింగ్స్‌లో 21,000 డాలర్లు ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 6,500. వాచీ కొని, ఆ లోటు పూడేదాకా ఒక ఏడాది 401(కె), అంటే రిటైర్మెంట్ పొదుపు, ఆపేద్దామనుకుంటున్నాను. బంగారం లాంటిది, ధర పెరుగుతూనే ఉంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు. మాకు ఐదేళ్ల పాప. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. కొనవచ్చా సర్?

జవాబు: ఇప్పుడు వద్దండి. ఇష్టపడటంలో మాత్రం తప్పేం లేదు. ఆ వాచీని నేనూ ఒకసారి చేతిలోకి తీసుకుని చూశాను. ఎడమవైపు చిన్న డయల్‌లో అపోలో 11 వ్యోమగామి బజ్ ఆల్డ్రిన్ నిచ్చెన దిగుతుంటాడు. వెనక్కి తిప్పితే చంద్రుడి నేల మీద పడిన బూటు గుర్తు. బ్యాటరీ లేదు, చేత్తో కీ ఇవ్వాలి, ఇస్తుంటే వేళ్లకు సన్నగా గరగర తెలుస్తుంది. 1970లో అపోలో 13 వ్యోమనౌక ఆపదలో పడ్డప్పుడు ఇంజిన్‌ను 14 సెకన్లు మండించడానికి లెక్క చూసుకున్నది స్పీడ్‌మాస్టర్‌తోనే. నాసా వారి జాన్సన్ స్పేస్ సెంటర్ ఉన్న ఊళ్లో ఉంటూ ఆ వాచీ మీద మనసు పడకపోతేనే ఆశ్చర్యం.

కానీ ఆ చరిత్ర వ్యోమగాముల చేతికున్న వాచీలది. అపోలో 15 కమాండర్ డేవ్ స్కాట్ 1971లో చంద్రుడి మీద పెట్టుకున్న సొంత బులోవా కంపెనీ వాచీ 2015లో వేలానికి వస్తే 16 లక్షల డాలర్లు దాటింది. మీరు చూసిన వాచీ అలాంటివి 6,969 తయారుచేసిన వాటిలో ఒకటి. లిమిటెడ్ అన్న మాట నిజమే, కానీ ఏడు వేలకు దగ్గరగా ఉన్న వస్తువును అరుదైనదని నేను అనలేను. 2022 మార్చిలో ఒమేగా, స్వాచ్ కంపెనీలు కలిసి స్పీడ్‌మాస్టర్‌ను పోలిన చవక వాచీ మూన్‌స్వాచ్‌ను తెచ్చినప్పుడు 260 డాలర్ల వాచీ కోసం జనం రాత్రంతా క్యూలో నిలబడ్డారు. అదే రోజు దాన్ని ఎన్నో రెట్లకు తిరిగి అమ్మినవాళ్లున్నారు. అది లిమిటెడ్ కాదని, తయారుచేస్తూనే ఉంటామని కంపెనీ చెప్పింది. సరుకు వస్తున్నకొద్దీ ఆ ధరలు దిగిపోయాయి. కోవిడ్ రోజుల్లో ఎగబాకిన ఖరీదైన సెకండ్ హ్యాండ్ వాచీల ధరలు కూడా 2022 తర్వాత బాగా తగ్గాయి. పెరుగుతూనే ఉంటుందన్న మీ ఫ్రెండ్స్ ఆ సంగతి మర్చిపోయినట్టున్నారు.

నాకు అసలు భయం వాచీ గురించి కాదు, ఆ 21,000 గురించి. మీ ఖర్చుకు అది మూడు నెలల పైచిలుకు. వాచీ కొంటే మిగిలేది 9,500, అంటే నెలన్నర కూడా రాదు. హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలల ఇంటి ఖర్చే 13,000. మధ్యలో లీజు తెంచుకోవాల్సి వస్తే ఆ డబ్బు, ముగ్గురికి టికెట్లు, సామాను పంపే ఖర్చు వేరే. అలాంటి నెలలో మనిషికి నిద్ర పట్టదు. ఆ టెన్షన్‌లో వాచీ అమ్మడానికి వెళితే డీలర్ తనకు గిట్టే ధరే చెబుతాడు. నా దగ్గరకు వచ్చిన ఒకాయనకు సరిగ్గా ఇదే జరిగింది. వాచీ మీద ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు, అంత జాగ్రత్తగా దాచుకున్నారు. ఇల్లు మారినప్పుడు వాచీతో వచ్చిన నంబరు కార్డు ఎక్కడో పోయింది. డీలర్ భూతద్దం పెట్టి అంతా చూసి, కార్డు లేదు కాబట్టి ఇంతే అని, కొన్న ధరలో సగానికి కొంచెం ఎక్కువ ఇచ్చాడు. ఆయన మారుమాట్లాడకుండా తీసుకున్నారు. నెలాఖరుకు అద్దె కట్టాలి మరి.

401(కె) మాత్రం ఆపకండి. మీరు వేసే డబ్బుకు తోడు కంపెనీ కూడా కొంత వేస్తుంటే (మ్యాచింగ్ అంటే అదే) అది మీ జీతంలో భాగమే, ఆపితే ఆ డబ్బు మళ్లీ రాదు.

ఇక పన్ను. లాభానికి అమ్మితే ఐఆర్‌ఎస్‌కు, అంటే అమెరికా పన్నుల శాఖకు, పన్ను కట్టాలి. సొంతానికి వాడుకున్న వస్తువును నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్ను లెక్కలో ఆదాయంలోంచి తగ్గించుకోవడానికి ఒప్పుకోరు. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వాచీలు, నగల దొంగతనానికి పరిమితి చాలా పాలసీల్లో 1,500 డాలర్ల దగ్గరే ఆగుతుంది, పైన కవర్ కావాలంటే ఏటా విడిగా ప్రీమియం కట్టాలి. కొన్నేళ్లకోసారి సర్వీసింగ్‌కు వందల డాలర్లు.

మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 39,000, చేతిలో ఉండాలి. ఇంకా 18,000 తక్కువ. నెలకు వెయ్యి పక్కన పెడితే ఏడాదిన్నరలో పూడుతుంది. తర్వాత ఆ వెయ్యినే ఇంకో ఏడాది వాచీకి మళ్లించండి, 12,000 అవుతాయి. అప్పటికీ మనసు దాని మీదే ఉంటే హాయిగా కొనుక్కుని రోజూ పెట్టుకోండి. పెట్టె, కార్డు, సర్వీసు కాగితాలు అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని మరీ కొనండి. 2021లో 30 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి అమ్ముడైన ఒక పాత స్పీడ్‌మాస్టర్, వేర్వేరు వాచీల భాగాలు కలిపి చేసినదని రెండేళ్లకు ఒమేగాయే చెప్పింది.

మీ ఆవిడకు ఈ వారంలోనే చెప్పండి. వాచీ గురించి, ఆ 60 రోజుల లెక్క గురించి కూడా. డీలర్‌కు అడ్వాన్స్ ఏమైనా ఇచ్చి ఉంటే వెనక్కి ఇస్తాడేమో ఇవాళే ఫోన్ చేసి అడగండి.