సంచీ దాటిపోయిన నీలి వెలుగు

ప్రశ్న: సిట్రిక్ ఆమ్లం, ఇథిలీన్ డయామీన్ కలిపి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిని తట్టుకునే మూతబిగించిన పాత్రలో) 200 డిగ్రీల దగ్గర 5 గంటలు ఉంచాం. యూవీ దీపం కింద ద్రావణం నీలంగా ధగధగలాడింది. 1000 డాల్టన్ల (అణువుల బరువు కొలత) లోపు చిన్న అణువుల్ని బయటికి వదిలే డయాలసిస్ సంచీలో పోసి రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి వెలుగంతా బయటి నీళ్లలోకి వచ్చేసింది. సంచీ ఎక్కడా చిరగలేదు. కార్బన్ డాట్లు (వెలిగే కార్బన్ నానోరేణువులు) అసలు తయారవలేదా?
– ఎం.ఎస్సీ. విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: సంచీ తన పని తాను చేసింది. ఈ రెండూ కలిసినప్పుడు డాట్లకంటే ముందే ఓ చిన్న అణువు పుడుతుంది. పొట్టిపేరు ఐపీసీఏ, బరువు సుమారు 180 డాల్టన్లు. సంచీ రంధ్రాల్లోంచి హాయిగా జారిపోతుంది. నీలంగా మహా జోరుగా వెలిగేది అదే. ఈ వంటకానికి గొప్పగా చెప్పుకొనే 80 శాతం క్వాంటమ్ యీల్డ్‌లో (పీల్చుకున్న కాంతిలో తిరిగి వెలుగుగా వచ్చే వంతు) చాలా వాటా దాని పుణ్యమే.

మళ్లీ చేసేటప్పుడు 10 మి.లీ. నీళ్లలో 1.05 గ్రాముల సిట్రిక్ ఆమ్లం కరిగించి, 335 మైక్రోలీటర్ల డయామీన్‌ను ఫ్యూమ్ హుడ్‌లో చుక్కచుక్కగా వేయండి. అది వేడెక్కుతుంది, పొగలు కక్కుతుంది. ఆటోక్లేవ్ లోపలి టెఫ్లాన్ గిన్నెను మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు. 200 డిగ్రీల దగ్గర లోపలి ఆవిరి ఒత్తిడి 15 బార్లు దాటుతుంది. కాబట్టి పూర్తిగా చల్లారందే మూత విప్పకండి. తొందరపడి కుళాయి కింద పెట్టారో, టెఫ్లాన్ వంకరపోయి మళ్లీసారి కారుతుంది.

తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 10,000 ఆర్‌పీఎం దగ్గర 15 నిమిషాలు తిప్పి, అడుగున పేరుకున్నది పారేసి, పైతేటను 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టండి. ఆ తర్వాతే డయాలసిస్. ఒక్క రాత్రి చాలదు. ఐదారు గంటలకోసారి నీళ్లు మారుస్తూ రెండు రోజులు, బయటి నీళ్లు దీపం కింద వెలగడం మానేదాకా ఉంచాలి. మొదటి నీళ్లు మాత్రం పారబోయకండి, వాటితో పని ఉంది. సంచీలో మిగిలేది గోధుమరంగు మందకొడి ద్రావణం. చూడ్డానికి ఉసూరుమనిపిస్తుంది గానీ, డాట్లుంటే అందులోనే ఉండాలి. క్వాంటమ్ యీల్డ్ దానికే కొలవాలి. ప్రమాణంగా 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో క్వినైన్ సల్ఫేట్ (దాని యీల్డ్ 0.54) తీసుకోండి. రెండింటి శోషణా (కాంతిని పీల్చుకునే కొలత) 0.1 లోపే ఉండాలి. చిక్కటి ద్రావణమైతే తన వెలుగును తానే మింగేసి లెక్క తప్పిస్తుంది.

ఈ డాట్లతో జీవకణాల్ని వెలిగించి బొమ్మ తీయాలనుకుంటే, కణాలకు పెట్టేముందు ద్రావణం పీహెచ్ 7.4కి తేవాలి. మిగిలిపోయిన డయామీన్ క్షారం కణాల్ని చంపితే, ఆ నింద డాట్ల మీద పడుతుంది. మైక్రోస్కోప్ కింద మూడు పళ్లేలు పెట్టండి: డాట్లు వేసినవి, ఏమీ వేయనివి, ఇందాక దాచిన, ఐపీసీఏ ఉన్న బయటి నీళ్లు వేసినవి. ఏమీ వేయని కణాలు కూడా తమలో సహజంగా ఉండే ఎన్ఏడీహెచ్ అనే అణువు వల్ల నీలంగా మెరుస్తాయి. ఆ మెరుపును తీసేశాక మిగిలిందే మీ బొమ్మ.

ప్రశ్న: మా గంజాం వైపు దొరికే మొగలి ఆకుల్ని ఆల్కహాల్‌లో ఉడికిస్తే ఎర్రగా వెలిగే డాట్లు వచ్చాయి. ఇవి మంచివేనా?
– కళాశాల అధ్యాపకుడు, బరంపురం

జవాబు: ముందు పత్రహరితాన్ని అనుమానించండి. శోషణలో 665 నానోమీటర్ల దగ్గర సూదిలాంటి శిఖరం ఉండి, ఏ తరంగదైర్ఘ్యంతో ఉత్తేజపరిచినా వెలుగు 670–680 దగ్గరే కదలకుండా కూర్చుంటే, అది ఆకు రంగే. ఉడికినంత మాత్రాన ఆ ఎరుపు పోదు.