బస్సు లేటు కాలేదు: ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

అమ్మా,

నీ కట్ట అందింది. నిన్ను ‘మీరు’ అనడం నాకు కుదరదు. నా దగ్గర చదివిన ఆఖరి టెన్త్ బ్యాచ్ పిల్లలది కూడా ఇంచుమించు నీ వయసే. ఏమీ అనుకోకు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన అనుభవాలు నాలుగు వ్యాసాలుగా రాసి, పుస్తకం వేయొచ్చా అని అడిగావు. నాలుగూ చదివాను. లైబ్రరీ బీరువా తాళం కోసం హెడ్మాస్టరుతో నువ్వు పడిన తంటాల వ్యాసం బాగుంది. మిగతావాటి సంగతి చెప్పాలంటే పదహారో పేజీ నుంచి మొదలుపెట్టాలి. నాకు ఒళ్లు మండింది అక్కడే.

ఆ పేజీలో మీ పదో తరగతి అమ్మాయి ఆర్టీసీ డిపో మేనేజరుకి ఇంగ్లీషులో రాసిన ఉత్తరం ఉంది. నువ్వు దిద్దిన ప్రతి పెద్దక్షరాల్లో అచ్చు కొట్టించావు. ఆ పిల్ల సొంత దస్తూరీని మాత్రం అలంకారానికి పెట్టినట్టు కింద చిన్న జిరాక్సు చేసి పెట్టావు. భూతద్దం పెట్టుకుని చదివాను. “సార్, బస్ ఈజ్ నాట్ లేట్. బస్ ఈజ్ ఫుల్. డ్రైవర్ సీ అజ్ అండ్ గో.” దాని కింద ఐదు తేదీలు. ఒక్కో తేదీ పక్కన ఒక అంకె. ఆ రోజు బస్సు ఆగకుండా పోయినప్పుడు స్టాపులో ఎంతమంది పిల్లలు మిగిలిపోయారో ఆ లెక్క. ఒక తేదీ దగ్గర అంకె కొట్టేసి పక్కన ఇంకోటి వేసింది. మళ్లీ లెక్కపెట్టుకుందన్నమాట.

ఇక నువ్వు దిద్దిన ప్రతి. మా గ్రామానికి బస్సు సర్వీసు సక్రమంగా లేదని తమ దృష్టికి తెస్తున్నాను, విద్యార్థులు ఎన్నో ఇబ్బందులు పడుతున్నారు, తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. బస్సు టైముకే వస్తోందన్న సంగతి ఎగిరిపోయింది. నిండి వస్తోందన్నది పోయింది. డ్రైవరు చూసి కూడా ఆపడం లేదన్నది పోయింది. తేదీలూ అంకెలూ పోయాయి. ఆ మేనేజరు నీ ప్రతి చదివితే ఏం చేస్తాడు? చార్టు తీసి చూస్తాడు. బస్సు రోజూ టైముకే బయల్దేరినట్టు అందులో ఉంటుంది. సర్వీసు సక్రమంగానే ఉంది అని ఒక ముక్క రాసి ఫైలు మూసేస్తాడు. నీ ఉత్తరానికి అది న్యాయమైన జవాబే. ఆ పిల్ల ఉత్తరానికి మాత్రం అలా జవాబివ్వడం ఆయన వల్ల కాదు. ‘సీ’ని ‘సీస్’ చెయ్యి, ‘అజ్’ స్పెల్లింగు సరిచెయ్యి, ఎవరు కాదన్నారు? వాక్యం నీ చేతికి వచ్చాక విషయం మారకూడదు, అంతే. ఇంతకీ ఆ ఉత్తరం పోస్టు చేశారా లేదా? వ్యాసం మొత్తం వెతికాను, ఎక్కడా రాయలేదు.

పైగా నీ అంతట నువ్వే ఒక పేరా చేర్చావు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు కిక్కిరిసిపోతున్నాయని. నీకెలా తెలుసు? నిజమే కావచ్చు. లేదంటే పొద్దున్న పూట ఒక ట్రిప్పు ఎత్తేసి ఉండొచ్చు, ముందు ఊళ్లో పనులు మొదలై కూలీల రద్దీ పెరిగి ఉండొచ్చు. ఆ అమ్మాయి అయితే ఈ మాట ఎక్కడా అనలేదు. తను చూసింది రాసి ఊరుకుంది. టీ కొట్టు దగ్గర విన్నమాట తెచ్చి ఆ పిల్ల నోట్లో పెట్టింది నువ్వు. ఉచిత ప్రయాణమైనా కండక్టరు మిషన్‌లో జీరో టికెట్టు కొట్టే ఇస్తాడు కదా, అంటే లెక్క వాళ్ల దగ్గరే ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రాష్ట్రంలో మండలాఫీసులో అడిగితే ఐదు రూపాయలే, గ్రామ స్థాయిలో అయితే అసలు ఫీజే లేదు. పిల్ల తండ్రి చేత దరఖాస్తు పెట్టించు. అది రాయడమే ఒక ఇంగ్లీషు పాఠం. గడువు లోపల జవాబు రాకపోతే అప్పీలు, అది రెండో పాఠం.

సర్వీసంతా నాకు ఇదొక్కటే పిచ్చి. క్లాసులో ఎవడేం చెప్పినా, ఏం రాసినా, ‘నీకెలా తెలుసు?’ అని అడిగేవాణ్ణి. పిల్లలు వెనకాల నన్ను నీకెలాతెలుసు మాస్టారు అనేవారు. ఆ పేరు స్టాఫ్ రూముదాకా వచ్చింది. నీ పుస్తకంలో ఒప్పించే రచనకి ఒక వ్యాసం, పరిశోధనకి ఒకటి, సాహిత్యానికి ఒకటి అని వేరే వేరే గదుల్లో పెట్టావు. నాకు ఆ మూడూ ఎప్పుడూ ఒకటే క్లాసు.

సాహిత్యం దగ్గరికే వద్దాం. సిలబస్‌లో లేకపోయినా షేక్‌స్పియర్ నాటకంలో జూలియస్ సీజర్ శవం దగ్గర అతని మిత్రుడు ఆంటోనీ చేసిన ప్రసంగాన్ని చెప్పావు, సంతోషం. సీజర్‌ని పొడిచినవాళ్లలో ఒకడైన బ్రూటస్ వచనంలో మాట్లాడాడు, ఆంటోనీ పద్యంలో మాట్లాడాడు, ‘ఆనరబుల్ మ్యాన్’ అన్న మాటనే తిప్పి తిప్పి తిట్టుగా మార్చాడు అని నాలుగు పేజీలు రాశావు. ఇదంతా ఏ గైడులోనైనా దొరుకుతుంది. ఈసారి ఇంకో పని చెయ్యి. ఆంటోనీ సీజర్ ఉత్తరీయం ఎత్తి పట్టుకుని, ఇదిగో ఇక్కడ కాషియస్ కత్తి దిగింది, ఈ చీలిక కాస్కా చేసింది, ఇక్కడే బ్రూటస్ పొడిచాడు అని వేలు పెట్టి చూపిస్తాడు కదా. అక్కడ పుస్తకం మూయించి అడుగు, అతనికెలా తెలుసు? పొడిచేటప్పుడు ఆంటోనీ అక్కడ లేడు. కుట్రదారుల్లో ఒకడైన ట్రెబోనియస్ అతన్ని మాటల్లో పెట్టి పక్కకి తీసుకుపోయాడు. అంతకుముందు సీన్లోనే ఉంది, పిల్లలే వెతికి పట్టుకుంటారు. గుడ్డకి చిల్లులున్నమాట నిజం. ఏ చిల్లు ఎవరిదో అతని కల్పన. రోమ్ జనంలో ఒక్కడూ అడగలేదు.

అక్కడితో ఆపకు. సీజర్ వీలునామాలో రోమ్ పౌరులకి తలకి 75 ద్రాక్మా నాణేలు రాశాడని జనాన్ని ఊరించి ఊరించి రెచ్చగొట్టింది ఈ ఆంటోనీయే. నాలుగో అంకం మొదటి సీన్లో ఇతనే తనతో అధికారం పంచుకున్న లెపిడస్‌తో, వెళ్లి ఆ వీలునామా పట్టుకురా, పంపకాల్లో ఎంత కోత పెట్టొచ్చో చూద్దాం అంటాడు. ఇది చదివినప్పుడు మా క్లాసులో వెనక బెంచీ కుర్రాడు ఒకడు లేచి, “అయితే సార్, అందరికంటే బాగా మాట్లాడినవాడే మోసం చేశాడా?” అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. గంట కొట్టేదాకా వాళ్లే కొట్టుకున్నారు. ఒప్పించే రచన గురించి ఏ మెథడాలజీ పుస్తకమైనా అంతకంటే ఏం చెబుతుంది?

మన గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం ఇంట్లోవాళ్ల ముందు ఇంగ్లీషు మాట్లాడే ఘట్టం గుర్తుందా? గురువు ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్ అంటాడు, శిష్యుడు గుడారంలో తెల్లదొర ఉన్నాడంటాడు, ఆపైన ట్రెపీజియం భుజాల గురించి ఏదో వల్లిస్తాడు. తల్లి మురిసిపోతుంది. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లిన ప్రతిసారీ నాకు ఆ ఘట్టమే గుర్తొచ్చేది. ఒక ఏడాది ‘నువ్వు వెళ్లిన విహారయాత్ర గురించి స్నేహితుడికి లేఖ’ అడిగారు. బండిల్‌కి బండిల్ అంతా ఒకే అరకు వెళ్లింది, ఒకే బొర్రా గుహలు చూసింది, ఒకే వాక్యంతో తిరిగొచ్చింది. అందులో ఒక్కడు మాత్రం, నేను వెళ్లలేదు, డబ్బులు కట్టలేదు, మా అన్న వెళ్లాడు, వాడు చెప్పింది రాస్తున్నాను అని మొదలుపెట్టాడు. గుహలో గబ్బిలాల కంపు, మెట్ల దగ్గర అన్న చెప్పు తెగడం, అన్నీ రాశాడు. ఇది మా అన్న మాట, ఇది నేననుకున్నది అని విడదీసి మరీ రాశాడు. నేను వేసిన మార్కులు చీఫ్ ఎగ్జామినరు కొట్టేశాడు. ప్రశ్న ‘నువ్వు వెళ్లిన’ యాత్ర అంటోందిట. వాడొక్కడే నిజం రాశాడయ్యా అని నేను అరిస్తే, కీలో నిజానికి మార్కులు లేవండీ అన్నాడు. ఆ తర్వాత ఆ క్యాంపులో నాకు టీ కూడా టైముకి రాలేదు.

ఎడిటర్ల సంగతి అడిగావు. చెబితే నీకు ఉత్సాహం చచ్చిపోతుంది. వలస వెళ్లే కుటుంబాల పిల్లలు ఏ నెలలో బడి మానేస్తున్నారో మా క్లాసు హాజరు పట్టీలోంచి తీసి ఒక వ్యాసం రాశాను. ఒక వారపత్రిక వేసింది. నెలవారీ లెక్క మొత్తం తీసేసి, దాని స్థానంలో ‘హృదయవిదారకం’ అని ఒక్క ముక్క పెట్టారు. ఫోను చేస్తే, అంకెలు పాఠకులకి బోరండీ అన్నాడా మహానుభావుడు. ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది. టీచరు ఒక ముక్క అంటుంది, మొద్దబ్బాయి కన్నీళ్లు పెట్టుకుంటాడు, పదేళ్ల తర్వాత కలెక్టరై వచ్చి కాళ్లకి దణ్ణం పెడతాడు. వేల లైకులు. నీ నాలుగో వ్యాసం చివర అలాంటిదొకటి తొంగి చూసింది. తీసెయ్యి.

అంకెలు బోరు అనేవాళ్లకి నేను ఒకే ఒక చోటు చూపిస్తాను. కన్యాశుల్కం 1897లో అచ్చయినప్పుడు గురజాడ ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. చాలామంది ఆ పేజీలు తిప్పేసి నాటకంలోకి దూకుతారు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లకి ఒక జాబితా తయారు చేయించారని అందులో చెబుతారు. లెక్కకి వచ్చినవి 1,034. పిల్లల్లో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికూనల ధర 350 నుంచి 400 రూపాయలు. ఇదంతా చెప్పాకే ఇది సంఘానికి సిగ్గుచేటు అన్న మాట అంటారు, ముందు అనరు. ఇంకా గొప్ప సంగతి, ఈ జాబితా పూర్తిదీ కాదు, కచ్చితమైనదీ కాదు అని ఆయనే ఒప్పుకుంటారు. డబ్బు పుచ్చుకున్నామని ఎవరు చెబుతారు, అందుకని. తన సాక్ష్యంలో లోటు ఎక్కడుందో తనే చూపించి, అయినా ఇది చాలు అంటున్నాడు చూడు, అలాంటి మనిషిని కాదనడం కష్టం. మహారాజా కాలేజీలో పిల్లలకి పాఠం చెప్పిన మాస్టారు రాసిన ఇంగ్లీషు అది. మీ బడికి తెచ్చుకోవడానికి అంతకంటే దగ్గరి పాఠం ఏముంది? ఆ రెండు మూడు పేజీలు తొమ్మిదో తరగతికి కష్టమే. పదికి కూడా మాటలకి అర్థాలు బోర్డు మీద రాయాలి. రాయి.

ఇక పరిశోధన అని నువ్వు రాసిన వ్యాసం. అందులో ఇంటర్నెట్‌లో నమ్మదగిన సైట్లు ఎలా గుర్తుపట్టాలో చెప్పావు, ఉండనీ. మన దగ్గర ప్రాజెక్ట్ వర్క్ అంటే ఏమిటో నీకు తెలుసు. జిరాక్స్ షాపువాడు సచిన్ టెండూల్కర్ బయోగ్రఫీ ప్రింటు తీసి ఇస్తాడు, పిల్లవాడు అట్ట వేసి స్కెచ్ పెన్నుతో బోర్డరు గీస్తాడు, మనం మార్కులేస్తాం. దాని బదులు నోట్సు పేజీని మూడు నిలువు గళ్లు చేయించు. ఒకదాంట్లో నేను చూసింది. రెండోదాంట్లో ఫలానావాళ్లు చెప్పింది, చెప్పినవాళ్ల పేరుతో సహా. మూడోదాంట్లో నేను అనుకుంటున్నది. మధ్యాహ్న భోజనం మీద చేయించు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా తలకి 150 గ్రాముల బియ్యం అని లెక్క ఉంది. వంటావిడ దగ్గర కూర్చుని, ఇవాళ ఎంతమందికి ఎన్ని కిలోలు పోశారో అడిగి రాసుకోమను. అడిగే పద్ధతి కూడా నేర్పాలి. పిల్లలు పోలీసుల్లా అడిగారంటే ఆవిడ రేపటి నుంచి గుమ్మంలోకి రానివ్వదు. ముందు కూరగాయలు తరిగిపెట్టమను. మూడో గడిలో ఉన్నదాన్ని తెచ్చి మొదటి గడిలో రాసినవాడి చేత మాత్రం పేజీ మొత్తం మళ్లీ రాయించు. ఆంటోనీ ప్రసంగాన్ని కూడా ఇవే మూడు గళ్లలో వేయించు. మొదటి గడి ఎంత చిన్నదో చూసి వాళ్లకే నవ్వొస్తుంది.

తర్వాతే రాయడం. ఎవరికి రాస్తున్నాడో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి చేతిలో ఆ పని ఉండాలి. ‘ప్లాస్టిక్ నిషేధం’, ‘సెల్‌ఫోను లాభనష్టాలు’ అని గాలికి రాయించకు. గాలి జవాబివ్వదు. హెడ్మాస్టరుకి రాయించు, పంచాయతీ కార్యదర్శికి రాయించు. ఎదుటివాళ్లు ఏమని కాదంటారో ఒక పేరా ముందే రాయమను. డ్రైవరు వైపు నుంచి కూడా ఒక పేరా ఉండాలి. నిండిన బస్సుని ఆపి ఎక్కించుకుంటే ఫుట్‌బోర్డు మీద పిల్ల జారిపడితే కేసు ఎవరి మీద? ఆ పేరా రాయగలిగిన పిల్లని మేనేజరు తీసిపారేయలేడు.

ఈ పుస్తకం తెలుగులో రాయాలా ఇంగ్లీషులోనా, ఏ పబ్లిషరు, ముందుమాట నేను రాస్తానా అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు పదహారో పేజీ తిరగరాయి. ఆ అమ్మాయి ఉత్తరం పెద్దక్షరాల్లో, ఉన్నది ఉన్నట్టు, నీ దిద్దుబాటు కింద చిన్నగా. ఆ పిల్ల పేరు మార్చు, ఊరి పేరు మార్చు, తేదీలు మాత్రం మార్చకు. మిగిలిన జిరాక్సులేమైనా నీ దగ్గరుంటే అన్నీ కావాలి నాకు, తప్పులతో సహా.

గురజాడ ముందుమాట జిరాక్సు దీంతో పెట్టాను. సంక్రాంతి సెలవుల తర్వాత నాకు కంటి ఆపరేషన్. ఈలోగా పంపేటట్టయితే పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించు, ఒకవైపే ప్రింటు తీయించు.

ఆశీస్సులతో,
నీకెలాతెలుసు మాస్టారు