పెన్నీలకు చింతపండు పెట్టకు తల్లీ

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కార్ బూట్ సేల్‌లో, అదే జనం కారు డిక్కీలో పాత సామాన్లు పెట్టి అమ్మే సంతలో, బిస్కెట్ డబ్బా నిండా పాత పెన్నీలు ఐదు పౌండ్లకి దొరికాయంటే మంచి బేరమే. కానీ చివర్లో "చింతపండు పెట్టి తోమితే మెరుస్తాయి కదా మామయ్యా" అని అడిగావు చూడు, అది చదివాక ఫోన్లో చెబితే సరిపోదనిపించి కూర్చుని రాస్తున్నాను. వద్దు. ముందు ఆ డబ్బా మూత పెట్టి ఇది చదువు.

ఆ పని నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. బర్మింగ్‌హామ్ వచ్చిన కొత్తలో 1797 నాటి పెన్నీ ఒకటి కొన్నాను. దాన్ని ఇక్కడ కార్ట్‌వీల్ అంటారు, బండి చక్రానికి పట్టా వేసినట్టు వెడల్పాటి అంచు, ఆ అంచు మీద లోపలికి దిగిన అక్షరాలు, బరువు ఒక ఔన్స్ రాగి. మాథ్యూ బౌల్టన్ అనే కార్ఖానా యజమాని ఇక్కడే సోహోలో ఆవిరి యంత్రాలతో కొట్టించాడు. ముదురు చాక్లెట్ రంగులో నిండుగా ఉండేది. పండగ ముందు అమ్మ రాగి చెంబులు తోమినట్టే చింతపండూ ఉప్పూ వేసి తోమాను, పది నిమిషాల్లో గులాబీ రంగుకి తిరిగింది. రెండు వందల ఏళ్ళు పట్టి వచ్చిన రంగు పోయింది, ఇక రాదు. తర్వాత ఒక డీలర్‌కి చూపిస్తే చేతిలోకి కూడా తీసుకోలేదు. ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది, మచ్చలు మచ్చలుగా నల్లబడి, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రోజు నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దు, రుద్దకు. పచ్చగా పొడిపొడిగా చిలుము పట్టినవి ఉంటే వేరే పెట్టు. మెత్తటి పీవీసీ కవర్లలో దాచకు, కొన్నేళ్ళకి జిగట కారి నాణేన్ని తినేస్తాయి, యాసిడ్ లేని కాగితం కవర్లు చాలు. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకో, బొమ్మ మీద వేలు పెట్టకు. అంతే, శుభ్రం గురించి ఇంకేమీ లేదు.

ఇప్పుడు అసలు పని. ఒకప్పుడు మన రూపాయికి 16 అణాలు ఉన్నట్టే వీళ్ళకి పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, 1971 ఫిబ్రవరి 15 దాకా అదే లెక్క. నీ డబ్బాలో ఉన్నవన్నీ 1860 తర్వాతి కంచు పెన్నీల్లాగే ఉన్నాయి. వాటిని సంవత్సరాల వారీగా పేర్చు. కొప్పు పెట్టుకున్న చిన్న వయసు విక్టోరియా రాణి బొమ్మ ఉంటే 1894 దాకా కొట్టినది, ముసుగు వేసుకున్న ముసలి రాణి ఉంటే ఆ తర్వాతది. 1918, 1919 పెన్నీలు కనిపిస్తే ఆగు. టేబుల్ ల్యాంప్ పక్కకి జరిపి వెలుతురు ఏటవాలుగా పడేట్టు పెట్టి, భూతద్దంతో సంవత్సరానికి ఎడమ పక్కన చూడు. మామూలుగా అక్కడ ఏమీ ఉండదు. చిన్న హెచ్ అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్ హీటన్ టంకశాలది, కేఎన్ ఉంటే కింగ్స్ నార్టన్ టంకశాలది, కేఎన్ ఇంకా అరుదు. బాగా అరిగిన నాణెం మీద అది గీతలా మాత్రమే కనిపిస్తుంది, ఓపిగ్గా నాలుగు వైపులా తిప్పి చూడాలి. ఇక 1933 పెన్నీ దొరికిందని ఎవరైనా అంటే నమ్మకు, అవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి.

కొనేటప్పుడు మాటల దగ్గర మోసపోకు. వీళ్ళ లెక్కలో "గుడ్" అంటే బాగా అరిగిపోయిందని, "ఫైన్" అన్నా చాలా వాడకం అయ్యిందనే. నీకు కావాల్సింది "వెరీ ఫైన్" నుంచి పైకి. వెండి కొనాలనిపిస్తే రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకో: 1920కి ముందువి నూటికి 92.5 పాళ్ళు వెండి, అక్కడి నుంచి 1946 దాకా సగమే, 1947 నుంచి వెండి అసలు లేదు. చిన్న డిజిటల్ తూకం కొనుక్కో, హాఫ్ క్రౌన్, అంటే రెండున్నర షిల్లింగుల నాణెం, 14.1 గ్రాములు ఉండాలి.

నన్నడిగితే వెండి కంటే టోకెన్లు మేలు, అంటే ప్రభుత్వం కాక కంపెనీలూ వ్యాపారులూ సొంతంగా కొట్టించుకున్న నాణేలు. 1780ల్లో ప్రభుత్వం చిల్లర కొట్టడం దాదాపు మానేసింది, ఉన్న రాగిలో దొంగ నాణేలే ఎక్కువ, కూలి ఇవ్వడానికి చిల్లర లేక 1787లో వేల్స్‌లోని ఆంగ్ల్‌సీ దీవిలో రాగి గనులు తవ్వే పారిస్ మైన్ (Parys Mine) కంపెనీ తన రాగితో తనే పెన్నీలు కొట్టుకుంది. బొమ్మ వైపు ఓక్ ఆకుల దండలో గడ్డం ఉన్న డ్రూయిడ్ పూజారి, బొరుసు వైపు తెచ్చినవాళ్ళకి ఒక పెన్నీ ఇస్తామన్న మాట. ఎక్కడ ఇస్తారో తెలియాలంటే నాణేన్ని నిలబెట్టి అంచు చుట్టూ చదవాలి: లండన్, లివర్‌పూల్, లేదా ఆంగ్ల్‌సీ. మొదటిసారి ఆ అంచు తిప్పుతూ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వీటికి డాల్టన్, హామర్ అనే ఇద్దరి క్యాటలాగ్ ఉంది, లైబ్రరీలో అడిగి చూడు, నంబరు తెలియకుండా టోకెన్ కొనకు.

మనవాళ్ళ సంగతి ఒకటి. అదే సోహోలో బౌల్టన్ 1794లో ఈస్టిండియా కంపెనీ కోసం, ఉత్తర సర్కారుల్లో అంటే మన కోస్తా జిల్లాల్లో చెలామణికి రాగి నాణేలు కొట్టాడు, 48 ఇస్తే ఒక రూపాయి అని వాటి మీదే ఉంటుంది. అవి ఇక్కడ అమ్మకానికి వస్తుంటాయి, ఇక్కడే కొనుక్కో. ఊళ్ళో నాయనమ్మ పెట్టెలో ఉన్నవి మాత్రం తేకు. నూరేళ్ళు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం.

ఈసారి లండన్ వెళ్తే బ్రిటిష్ మ్యూజియంలో 68వ గది చూడు, టికెట్ లేదు. ఈలోగా పెన్నీల సంవత్సరాలన్నీ కాగితం మీద రాసి ఫొటో పంపు, 1918, 1919వి విడిగా, రెండు వైపులా. నా పాత భూతద్దం పోస్టులో వేస్తున్నాను.

మీ మామయ్య