టీమ్ వెళ్ళిపోగానే లేబర్ రూమ్ మళ్ళీ పాత దారి పడుతోందా?

లేబర్ రూమ్‌లో తెచ్చిన మార్పులు ట్రైనింగ్ టీమ్ వెళ్ళగానే ఆగిపోయాయి, పైవాళ్ళేమో మిగతా వార్డుల్లోనూ మొదలుపెట్టమంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. నేను ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా ఉన్నచోట ఇదే జరిగింది.

టీమ్ ఉన్నన్నాళ్ళూ కాన్పులో చేయాల్సిన పనుల చెక్‌లిస్టు బాగా నడిచింది. వాళ్ళు వెళ్ళిన రెండు నెలలకు ఒక రాత్రి కేస్ షీట్లు తిరగేశాను. కాన్పు కాకముందే టిక్కులన్నీ పెట్టేసి ఉన్నాయి! బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఇవ్వాల్సిన ఆక్సిటోసిన్ (రక్తస్రావం ఎక్కువ కాకుండా ఇచ్చే ఇంజెక్షన్) మాత్రం పక్క గది ఫ్రిజ్‌లో ఉంది. చాలా బాధేసింది. కానీ ఆ సిస్టర్‌ని తిట్టలేకపోయాను. ఇద్దరికి ఒకేసారి నొప్పులొస్తుంటే ఫ్రిజ్ దగ్గరికి ఎవరు పరిగెత్తుతారు?

ఇలాంటి చెక్‌లిస్టు మీదే ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాల్లో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. సగం కేంద్రాల్లో 8 నెలలు దగ్గరుండి నేర్పారు. రెండో నెలలో 73 శాతం పనులు పద్ధతిగా జరిగితే, నేర్పేవాళ్ళు వెళ్ళిన నాలుగు నెలలకు అది 62కు దిగింది. నేర్పని కేంద్రాల్లో అప్పుడు 44. తల్లీబిడ్డల మరణాలు మాత్రం తగ్గలేదు. అందుకే టిక్కులు చూసి నిశ్చింతగా ఉండకండి.

మేము ఐస్‌ప్యాక్ పెట్టిన చిన్న వ్యాక్సిన్ క్యారియర్‌లో ఆక్సిటోసిన్‌ని లేబర్ టేబుల్ పక్కకే తెచ్చాం. డ్యూటీ మారేటప్పుడు వెళ్ళే సిస్టర్, వచ్చే సిస్టర్ ఇద్దరూ కాన్పు సామాన్ల ట్రే దగ్గర నిలబడి అప్పగించుకోవాలన్నాం. ఊపిరి తీయని బిడ్డకు గాలి అందించే అంబు బ్యాగ్ మాస్కుని అరచేతికి ఆనించి నొక్కి చూడాలి, మాస్కులు రెండు సైజులూ ఉండాలి, బొడ్డు క్లిప్పులు లెక్కపెట్టాలి. మూడు నిమిషాల పని. ఆయమ్మకు కూడా నేర్పాం, ఎందుకంటే సిస్టర్లకు బదిలీలు అవుతుంటాయి, ఆవిడ ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. నేను బదిలీ అయి వచ్చాక కూడా ఆ పని ఆగలేదు.

ఇక వేరేచోటికి పాకించడం. పక్క ఆసుపత్రికి మా ఫార్మాట్ జిరాక్సులు పంపాం, బీరువాలోకి వెళ్ళాయి. తర్వాత అక్కడి సిస్టర్లు ఇద్దరు వచ్చి వారం పాటు మాతో డ్యూటీ చేశారు. వాళ్ళకు రాత్రిపూట ఉండేది ఒక్క సిస్టరే. అందుకని ఆయమ్మ సామాన్ల పేర్లు పైకి చదువుతుంటే సిస్టర్ చేత్తో ముట్టి చూసేలా మార్చుకున్నారు. మాకు తట్టని పద్ధతి అది!

మీరైతే అన్ని వార్డులూ ఒకేసారి వద్దనండి. ముందు నైట్ డ్యూటీలో ట్రే నెల రోజులు సరిగ్గా ఉందో లేదో చూడండి. తర్వాత బాలింతల వార్డు తీసుకోండి. ఆ తల్లులే అక్కడికి వెళ్తారు, అక్కడి సిస్టర్లకు మీ పని ఇప్పటికే కొంత తెలిసి ఉంటుంది.