పంటి నొప్పి ఇండియా టికెట్ దాకా ఆగదు

"అక్కా, కింది దవడలో పన్ను సలుపుతోంది. డిసెంబర్‌లో ఇంటికి వెళ్తున్నా కదా, అక్కడే చూపించుకుంటా. అప్పటిదాకా లవంగ నూనెతో నెట్టుకురావచ్చా?" పోయిన నెల మా ఇంటికి భోజనానికి వచ్చిన అబ్బాయి అడిగాడు. అన్నమంతా ఎడమ పక్కనే నమిలాడు. చల్లటి మజ్జిగ గ్లాసు ముట్టుకోలేదు. డల్లాస్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, ఏటా ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు.

వద్దు తమ్ముడూ, ఆగకు. లవంగ నూనె నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, లోపల పుచ్చు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చల్లనిది తగిలి జివ్వుమన్నప్పుడే వెళ్తే చాలాసార్లు ఒక ఫిల్లింగ్‌తో పోతుంది. రాత్రి నిద్రలో లేపేంత నొప్పి వచ్చిందంటే రూట్ కెనాల్, దాని మీద క్యాప్. ఇక్కడ ఆ రెండూ కలిపి రెండు వేల డాలర్లు దాటడం మామూలే. కొత్తలో నేనూ ఇలాగే ఏడు నెలలు ఆగాను. విమానం ఎక్కాక గాలి ఒత్తిడి మారేసరికి పన్ను పీకేసినట్టయింది. చెంప చేత్తో పట్టుకుని కూర్చునే హైదరాబాద్ చేరాను. అక్కడ డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, ఇక పన్ను నిలబడదమ్మా, తీసేయాలి అన్నారు. ముప్పై ఏళ్ళకే దవడ పన్ను పోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక ఇన్సూరెన్స్. మెడికల్‌లోనే పళ్ళూ వస్తాయనుకుంటారు చాలామంది. పెద్దవాళ్ళకు రావు, డెంటల్ వేరుగా తీసుకోవాలి. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన గడువులో తీసుకోకపోతే సాధారణంగా మళ్ళీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఏడాదికోసారి ప్లాన్లు ఎంచుకోనిచ్చే రోజులు, వచ్చేదాకా దారి ఉండదు. చాలా ప్లాన్లలో చెకప్, క్లీనింగ్‌కు పూర్తిగా, ఫిల్లింగ్‌కు 80 శాతం, క్యాప్ లాంటి పెద్ద పనులకు సగం ఇస్తారు. అదీ ఏడాదికి ఒక హద్దు వరకే, మామూలుగా 1,000 నుంచి 2,000 డాలర్లు. పెద్ద పనులకు కొన్ని ప్లాన్లలో ఆరు నెలలో, ఏడాదో ఆగాలి కూడా. అందుకే నొప్పి లేకపోయినా ఆరు నెలలకోసారి క్లీనింగ్‌కు వెళ్ళండి. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే దొరికేది అక్కడే.

క్లీనింగ్‌కు వెళ్తే "డీప్ క్లీనింగ్ (చిగుళ్ళ కింద దాకా శుభ్రం చేయడం) కావాలి" అన్నారని టెన్షన్ పడుతూ కొందరు నాకు ఫోన్ చేస్తారు. చిగుళ్ళ వ్యాధి నిజంగా ఉంటే అది చేయించుకోవాల్సిందే. కానీ సంతకం పెట్టే ముందు చిగుళ్ళ లోతు కొలతలు, ఎక్స్‌రే చూపించమని అడగండి. బిల్లు మీద మామూలు క్లీనింగ్ కోడ్ డి1110, డీప్ క్లీనింగ్‌ది డి4341. ఈ రెండోది నోటిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి విడిగా బిల్లు వేస్తారు. నాకు ఒకసారి నాలుగు భాగాలూ రాసిచ్చారు. కొలతలు పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక్క భాగం చాలన్నారు. పెద్ద పని ఏదైనా, ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో ముందే రాతపూర్వకంగా తెప్పించమనండి. డెంటిస్ట్ ఆఫీసు వాళ్ళే ఇన్సూరెన్స్ కంపెనీకి వివరాలు పంపి తెప్పిస్తారు.

డెంటల్ ఇన్సూరెన్స్ లేని స్టూడెంట్లకు డెంటల్ కాలేజీలు మంచి దారి. టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్ళ డెంటల్ కాలేజీ మా డల్లాస్‌లోనే ఉంది. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు వైద్యం చేస్తారు, ఫీజు తక్కువ. సమయం మాత్రం బాగా పడుతుంది, ఓపిక పట్టండి. నొప్పి తట్టుకోలేక ఎమర్జెన్సీకి వెళ్తే మాత్రం మామూలుగా మందులు రాసిచ్చి డెంటిస్ట్ దగ్గరికే పంపుతారు, బిల్లు మిగులుతుంది. అయితే ముఖం వాచి జ్వరం వస్తే, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే క్షణం ఆలోచించకుండా అక్కడికే వెళ్ళాలి.

మరి ఇండియాలో చేయించుకోదగినవి లేవా అంటే, ఉన్నాయి. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడు నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు, ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఇంటర్వ్యూ వీడియో కాల్ అంటేనే భయపడేవాడు. షాపులో వైట్‌నింగ్ స్ట్రిప్స్ కొని వాడితే పళ్ళు జివ్వుమన్నాయే కానీ చారలు పోలేదు. అలాంటి మచ్చలకు డెంటిస్టే పై పొరను సన్నగా రుద్ది తీయడమో, పంటి రంగు పూత వేయడమో చేయాలి. అందం కోసం చేసే పనికి ఇన్సూరెన్స్ మామూలుగా ఇవ్వదు, నొప్పి లేదు కనుక తొందరా లేదు. అందుకే ఇంటికెళ్ళినప్పుడు హైదరాబాద్‌లో చేయించుకోమన్నాను. దిగిన మూడో రోజే వెళ్ళాడు, ఏదైనా తేడా వస్తే మళ్ళీ చూపించుకోవడానికి రోజులు మిగలాలి కదా. ఇంప్లాంట్, అంటే పోయిన పన్ను చోట ఎముకలో స్క్రూ దించి పెట్టే కొత్త పన్ను, మాత్రం ఒక్క ట్రిప్పులో అవుతుందని లెక్క వేసుకోకండి, ఎముక పట్టడానికే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

మజ్జిగ ముట్టని అబ్బాయికి ఆ సోమవారమే అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఫిల్లింగ్‌తో సరిపోయింది. నిన్న ఫోన్ చేసి, "అక్కా, రెండు పక్కలా నములుతున్నా" అన్నాడు.